పైన్‌వుడ్ డెర్బీ కారు వేగంగా వెళ్లాలంటే: చక్రాలు, ఇరుసుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా పిల్లలు కబ్ స్కౌట్స్‌లో, అంటే అమెరికా స్కౌట్స్ సంస్థలోని చిన్నపిల్లల విభాగంలో, చేరినప్పటి నుంచి చలికాలం వచ్చిందంటే మా గరాజ్ నిండా చెక్కపొట్టు, చక్రాలకు కందెనగా వేసే నల్లటి గ్రాఫైట్ పొడి. అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు మొదటిసారి కిట్ చేతికి రాగానే టెన్షన్ పడతారు. చిన్నప్పుడు మనం ఆడిన ఆట కాదు, ఇంట్లో అడగడానికి పెద్దవాళ్లూ ఉండరు. నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలకు నేను చేసి చూసి నేర్చుకున్న జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కారు ఆకారం గురించి దాదాపు ఏమీ చెప్పను. చక్రం, ఇరుసు, ఆ రెండిటి మధ్య జరిగేదే నా విషయం.

అసలు పైన్‌వుడ్ డెర్బీ అంటే ఏంటి?

పిల్లలు ఒక పైన్ చెక్క దిమ్మెను తమకు నచ్చినట్టు చెక్కి, నాలుగు ప్లాస్టిక్ చక్రాలను నాలుగు మేకులతో బిగించి చేసే చిన్న కార్ల పందెం. ఆ మేకులే ఇరుసులు. మోటారు ఉండదు, బ్యాటరీ ఉండదు. ఏటవాలు ట్రాక్ మీద పైనుంచి వదిలితే భూమ్యాకర్షణే కారును లాగుతుంది. 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే కబ్‌మాస్టర్, అంటే కబ్ స్కౌట్స్ బృందాన్ని నడిపే పెద్దమనిషి, దీన్ని మొదలుపెట్టాడు. పిల్లలు మోటారు లేని బండిలో కూర్చుని ఏటవాలు దారిలో దిగే సోప్‌బాక్స్ డెర్బీ పందెంలో పాల్గొనే వయసు వాళ్లబ్బాయికి ఇంకా రాలేదు. అలాంటి చిన్న పిల్లలు కూడా తల్లిదండ్రులతో కలిసి ఏదైనా చేసి పందెంలో నిలబడాలని ఆయన ఈ ఆటకు రూపం ఇచ్చాడు. 2018 నుంచి అమ్మాయిలు కూడా కబ్ స్కౌట్స్‌లో ఉన్నారు. మా ఇంట్లో ఇప్పుడు శాండ్‌పేపర్ కోసం కొట్లాడేది మా అమ్మాయే.

చక్రాల మీద చెయ్యి వేసే ముందు ఏం చూడాలి?

మీ ప్యాక్ (మీ ఊరి కబ్ స్కౌట్స్ బృందం) ఇచ్చే రూల్స్ కాగితం. ముందు అది చదవండి, తర్వాతే ఆకురాయి పట్టుకోండి.

ఎక్కువ చోట్ల కారు బరువు 5 ఔన్సులు, అంటే దాదాపు 142 గ్రాములు దాటకూడదు. పొడవు 7 అంగుళాలు, వెడల్పు రెండుముప్పావు అంగుళాలు. ఇవి దాదాపు అందరికీ తెలుసు. చక్రాలు, ఇరుసుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్యాక్‌కీ ప్యాక్‌కీ తేడా ఉంటుంది. ఒక చోట ఇరుసును పాలిష్ చెయ్యడం వరకే ఒప్పుకుంటారు. ఇంకో చోట వంచినా ఏమీ అనరు. కొన్ని చోట్ల నాలుగు చక్రాలూ నేలకు తగలాల్సిందే. బేరింగులు, వాషర్లు, స్ప్రింగులు మాత్రం దాదాపు ఎక్కడా కుదరవు. రూల్స్‌లో స్పష్టంగా లేని పని చెయ్యాలనిపిస్తే రేస్ పెట్టేవాళ్లకు ముందే ఒక మెయిల్ రాసి అడగండి. చెకింగ్ టేబుల్ దగ్గర పిల్లల ముందు కారు వెనక్కి రావడం కన్నా అది ఎంతో నయం.

టైమ్ తక్కువగా ఉంది. ఒక్కటే చెయ్యగలిగితే ఏది చెయ్యాలి?

ఇరుసుల్ని నునుపు చెయ్యండి. ఎందుకో లెక్క చెప్తాను.

చక్రం అడ్డుకొలత సుమారు 30 మిల్లీమీటర్లు. ఇరుసు లావు సుమారు 2.2 మిల్లీమీటర్లు. నలభై అడుగుల ట్రాక్ మీద ఒక్కో చక్రం దాదాపు 130 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ చక్రం రంధ్రం లోపలి గోడ మేకు మీద 7 మిల్లీమీటర్ల పైన జారుతుంది. అన్నీ కలిపితే మేకు మీద ప్లాస్టిక్ రాసుకుంటూ వెళ్లే దూరం సుమారు ఒక మీటరు. కారు బరువంతా మోస్తూ సాగే రాపిడి అది. కారుకు శక్తి ఇచ్చేది ట్రాక్ పై కొసకున్న నాలుగు అడుగుల ఎత్తు, అంటే 1.2 మీటర్లు మాత్రమే. ఘర్షణ గుణకం, అంటే రాపిడి ఎంత ఉందో చెప్పే అంకె, 0.2 ఉంటే ఆ శక్తిలో సుమారు 15 శాతం ఇరుసుల దగ్గరే వేడిగా మారిపోతుంది. పాలిష్ చేసి, గ్రాఫైట్ పట్టించి దాన్ని 0.1కి దించితే నష్టం సగమవుతుంది. కారు మీద ఇంకే పనీ ఇంత లాభం ఇవ్వదు.

మన ఊళ్లలో ఎడ్లబండి ఇరుసుకు కందెన రాసేవాళ్లు దీన్ని లెక్కలు లేకుండానే తెలుసుకున్నారు. బండి బరువంతా కూర్చునేది అక్కడే కదా.

కిట్‌లో వచ్చే మేకును ఎలా సాఫీ చెయ్యాలి?

కిట్‌లో వచ్చేది మామూలు మేకే. తల కింద రెండు వైపులా అచ్చులో పట్టిన గుర్తులు, చిన్న చిన్న లోహపు పొరలు పొడుచుకొచ్చి ఉంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. వాటిని అలాగే వదిలేస్తే తిరిగే చక్రం బొడ్డును, అంటే మధ్య రంధ్రం చుట్టూ ఉండే భాగాన్ని, కోస్తూనే ఉంటాయి.

ముందు మేకు సూటిగా ఉందో లేదో చూడండి. డ్రిల్ మిషన్‌లో మొన వైపు బిగించి నెమ్మదిగా తిప్పితే తల ఊగుతుందో లేదో కంటికి కనిపిస్తుంది. వంకరగా ఉన్నదాన్ని పక్కన పెట్టెయ్యండి. ఇంకో ప్యాకెట్ మేకులు కొనుక్కున్నా పెద్ద ఖర్చు కాదు. ఎనిమిదిటిలో మంచివి నాలుగు ఏరుకోవడం నాకు అలవాటు.

తర్వాత మేకు డ్రిల్‌లో తిరుగుతుండగా సన్నటి ఆకురాయితో తల కింది పొరల్ని తీసెయ్యండి. తల లోపలి అంచును కొంచెం ఏటవాలుగా అరగదీస్తే చక్రం అక్కడ ఆనినప్పుడు తక్కువ చోటే తగులుతుంది. ఆకురాయిని మేకు కాండం మీదికి, అంటే చక్రం తిరిగే నిలువు భాగం మీదికి, పోనివ్వకండి. అక్కడ గీత పడితే తీయడానికి గంట పడుతుంది.

ఆ తర్వాత తడి శాండ్‌పేపర్. నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నగా ఉంటుంది. నేను 400తో మొదలుపెట్టి 600, 1000, 2000 వరకు వెళ్తాను. ఒక్కో నంబరు పట్టీని నీళ్లలో ముంచి, తిరుగుతున్న మేకు చుట్టూ చుట్టి, అటూ ఇటూ నెమ్మదిగా లాగాలి. ముందు నంబరు వదిలిన గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరుకు వెళ్లాలి. తొందరలో 400 గీతల మీద నేరుగా 2000 వేస్తే పైకి మెరుస్తుంది కానీ గీతలు కిందే ఉండిపోతాయి. భూతద్దం పెట్టి చూడండి, కనిపిస్తాయి. చివరికి లోహం పాలిష్‌ను గుడ్డ మీద వేసి అద్దంలా మెరిసేదాకా తిప్పాలి. పాలిష్ మరకలు మిగలకుండా ఆల్కహాల్‌తో తుడవాలి. ఒక్కో మేకుకు మాకు పావుగంట పైనే పడుతుంది.

ఎంత రుద్దితే అంత మంచిదా?

కాదు. ఎక్కువ అరగదీస్తే మేకు సన్నబడి చక్రం వదులుగా ఊగుతుంది. చెక్కలో కూడా గట్టిగా నిలవదు. గీతలు పోవాలి కానీ లోహం తరగకూడదు.

ఇరుసు మీద గాడి పెట్టిన మేకులు అమ్ముతున్నారు. కొనాలా?

చక్రం ఆనే చోట మేకు నడుమును కొంచెం సన్నం చేసి రెండు కొసల దగ్గరే తగిలేలా చేస్తారు. తగిలే చోటు తగ్గితే ఘర్షణ తగ్గుతుందని చెప్తారు. కానీ పొడి ఘర్షణలో ముఖ్యం బరువు, నునుపు. తగిలే వైశాల్యానికి పెద్ద పాత్ర లేదు. ఆ గాడిలో కొంచెం గ్రాఫైట్ నిలవ ఉండటం ఒక్కటే నాకు కనిపించిన లాభం. గాడి అంచు నునుపుగా లేకపోతే నష్టమే. చాలా ప్యాకులు ఒప్పుకోవు కూడా. మొదటి రెండేళ్లూ దీని జోలికి వెళ్లకండి.

చక్రాలకు ఏం చెయ్యాలి?

అచ్చులో పోసిన ప్లాస్టిక్ కాబట్టి నేలకు తగిలే అంచు మీద సన్నటి గీత గానీ చిన్న బుడిపె గానీ ఉంటుంది. అది పోవాలి. చక్రాన్ని పట్టుకునే చిన్న కడ్డీ, అంటే మాండ్రెల్, దొరుకుతుంది. దానికి చక్రం తగిలించి డ్రిల్‌లో నెమ్మదిగా తిప్పుతూ 600 తడి శాండ్‌పేపర్‌ను అలా ఆనించి తీయండి. గట్టిగా నొక్కితే ప్లాస్టిక్ వేడెక్కి మెత్తబడుతుంది. గుండ్రం చెడిపోతే మళ్లీ రాదు.

చక్రం లోపలి వైపు చూస్తే అచ్చు నంబర్లు కనిపిస్తాయి. ఒకే నంబరు చక్రాలు నాలుగు దొరికితే అవి దాదాపు ఒకేలా ఉంటాయి. వేర్వేరు కిట్లు తెచ్చుకున్న స్నేహితులు కూర్చుని మార్చుకోవడం ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం.

బొడ్డు కారు శరీరానికి ఆనే వైపు చదునుగా, శుభ్రంగా ఉండాలి. కొందరు దాన్ని శంకువులా అరగదీస్తారు. రూల్స్ ఒప్పుకుంటేనే చెయ్యండి.

రంధ్రం లోపల కూడా పాలిష్ చెయ్యాలా?

చెయ్యాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఘర్షణకు రెండు ముఖాలు ఉంటాయి, మేకు ఒకటి, రంధ్రం గోడ రెండోది. మేకును అద్దంలా చేసి రంధ్రాన్ని గరుకుగా వదిలితే సగం పనే అయినట్టు.

లోపల శాండ్‌పేపర్ మాత్రం పెట్టకండి. మొదటి ఏడాది నేను 400 కాగితాన్ని సన్నగా చుట్టి రంధ్రంలో తిప్పాను. రంధ్రం పెద్దదై ఒక పక్కకు జరిగింది. చక్రం ఊగుతూ తిరిగింది. అప్పుడు మా అబ్బాయి కారు ప్రతి రౌండ్‌లోనూ ఆఖరున వచ్చింది. వాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. తప్పు వాడి చేతిలో జరగలేదు, నా చేతిలో జరిగింది. అప్పటి నుంచి ప్లాస్టిక్ పాలిష్ మాత్రమే వాడుతున్నాను. పొడుగు పైప్ క్లీనర్‌కు కొంచెం పాలిష్ రాసి, రంధ్రంలో పెట్టి, చేత్తోనే ముందుకూ వెనక్కూ లాగుతూ తిప్పాలి. తర్వాత సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. లోపల పాలిష్ చుక్క మిగిలినా గ్రాఫైట్ దానికి అంటుకుని ఉండలు కడుతుంది.

తేలిక చక్రాలు వేస్తే ఎంత లాభం?

కారు కిందికి దిగేటప్పుడు శక్తి రెండు చోట్లకు వెళ్తుంది. కారును ముందుకు నడపడానికి కొంత, చక్రాల్ని తిప్పడానికి కొంత. మామూలు చక్రం ఒక్కోటి రెండున్నర గ్రాముల పైన ఉంటుంది. బరువు ఎక్కువగా అంచు వైపే ఉంటుంది. నాలుగూ కలిపి తిప్పడానికి నా లెక్కలో మొత్తం శక్తిలో సుమారు 4 శాతం పోతుంది. చక్రాల బరువు సగం చేస్తే అందులో సగం మిగులుతుంది. ఆ తగ్గిన బరువును సీసంలో గానీ టంగ్‌స్టన్‌లో గానీ వెనక పెట్టుకుని మళ్లీ 5 ఔన్సులకు తెచ్చుకోవాలి.

లాభం నిజమే. కానీ పాలిష్ చెయ్యని ఇరుసుల వల్ల వచ్చే నష్టం దీనికన్నా ఎక్కువ. పైగా లేత్ మీద పల్చబరిచిన చక్రాల్ని చాలా ప్యాకులు ఒప్పుకోవు. కిట్‌లో వచ్చిన చక్రాలే వాడాలని రాసి ఉంటే దాన్ని గౌరవించండి.

ముందు చక్రం ఒకటి గాలిలో ఉంచితే వేగం పెరుగుతుందంటారు. నిజమా?

నిజం, రూల్స్ ఒప్పుకుంటే. కారణం మాత్రం ఎక్కువమంది తప్పుగా చెప్తారు. మూడు చక్రాల మీదే బరువు ఉంటే ఇరుసుల ఘర్షణ తగ్గిపోతుందని అనుకుంటారు. తగ్గదు. అదే బరువును మూడు చక్రాలు పంచుకుంటాయి, మొత్తం అంతే. లాభం ఎక్కడంటే ఆ నాలుగో చక్రాన్ని తిప్పే శక్తి మిగులుతుంది. ఇందాకటి 4 శాతంలో నాలుగో వంతు, అంటే దాదాపు ఒక శాతం. వేగంలో అరశాతం. మూడు సెకన్ల రేస్‌లో అది ముగింపు గీత దగ్గర అయిదారు సెంటీమీటర్లు. ఇంకో మేలు ఏంటంటే చక్రాలు మూడే అయితే సూటిగా అమర్చడం తేలిక. కుర్చీకి మూడు కాళ్లే ఉంటే ఎక్కడ పెట్టినా ఊగదు కదా.

ఒక మిల్లీమీటరు పైకి ఉంటే చాలు. నాలుగూ నేలకు తగలాలని మీ ప్యాక్ చెప్తే ఈ మాట మర్చిపోండి.

గ్రాఫైట్ ఎంత వెయ్యాలి? ఎప్పుడు?

ఎక్కువ వెయ్యడం కన్నా రుద్ది పట్టించడం ముఖ్యం. కొంచెం పొడిని రంధ్రంలో వేసి, మేకు దూర్చి, వేలితో ముప్పై నలభై సార్లు తిప్పండి. మళ్లీ కొంచెం వేసి మళ్లీ తిప్పండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే గోడకు సన్నటి నల్లని మెరుపు పొర పడుతుంది. పని చేసేది ఆ పొరే. మిగిలిన పొడిని దులిపెయ్యండి. బొడ్డుకు, కారు శరీరానికి మధ్య తగిలే చోట కూడా చెక్క మీద కొంచెం గ్రాఫైట్ రుద్దండి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఈ పని బయట గానీ గరాజ్‌లో పాత పేపర్ పరిచి గానీ చెయ్యండి. కార్పెట్ మీద పడితే పోదు.

డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే నూనె స్ప్రే) వేయొచ్చా? కుట్టుమిషన్ నూనె?

వద్దు. గ్రాఫైట్‌తో కలిస్తే నల్లటి ముద్దవుతుంది. ఎక్కువ ప్యాకులు పొడి కందెన మాత్రమే ఒప్పుకుంటాయి, నూనె ట్రాక్‌కు అంటుకుని అందరి కార్లనూ పాడుచేస్తుందని.

వేలితో తిప్పితే చక్రం చాలాసేపు తిరుగుతోంది. అంటే బాగున్నట్టేనా?

అదే చక్రాన్ని పాలిష్‌కు ముందు, తర్వాత పోల్చుకోవడానికి ఈ పరీక్ష పనికొస్తుంది. వేరే కారు చక్రంతో పోల్చడానికి పనికిరాదు. బరువైన చక్రం ఊరికే ఎక్కువసేపు తిరుగుతుంది. ట్రాక్ మీద మాత్రం ఆ బరువే అడ్డు.

చక్రానికీ కారుకూ మధ్య ఎంత సందు ఉండాలి?

క్రెడిట్ కార్డు మందమంత. కార్డును మధ్యలో పెట్టి మేకును లోపలికి నెట్టి, కార్డు తీసెయ్యండి. మరీ బిగిస్తే చక్రం రాసుకుంటుంది. మరీ వదిలితే అటూ ఇటూ ఊగుతుంది.

కారు సూటిగా వెళ్లకుండా పక్కలకు కొట్టుకుంటోంది. ఏం చెయ్యాలి?

ఇరుసుల నునుపు తర్వాత నేను ఎక్కువ సమయం పెట్టేది దీనికే. ట్రాక్ మధ్యలో ఒక పట్టీ ఉంటుంది, కారు దానికి రెండు వైపులా చక్రాలు వేసి దిగుతుంది. ఇరుసులు కొంచెం వంకరగా ఉన్నా కారు పట్టీని ఒకసారి ఇటు, ఒకసారి అటు గుద్దుకుంటూ వెళ్తుంది. గుద్దిన ప్రతిసారీ వేగం పోతుంది.

చదునైన పెద్ద టేబుల్ మీద నాలుగు అడుగుల తిన్నని గీత గీసి కారును మెల్లగా వదలండి. గీత నుంచి ఎటు పోతుందో చూడండి. ముందుకు వదిలి ఒకసారి, వెనక్కి వదిలి ఒకసారి చూస్తే తప్పు ముందు ఇరుసుదో వెనకదో తెలుస్తుంది. టేబుల్ సమంగా ఉందో లేదో ముందే లెవెల్ పెట్టి చూసుకోండి, లేకపోతే లేని తప్పు కనిపిస్తుంది.

కొంచెం అనుభవం వచ్చాక ఇంకో పద్ధతి ఉంది. కారును పూర్తిగా సూటిగా ఉంచే బదులు, ముందు చక్రం ఒక్కటి పట్టీకి మెల్లగా ఆనుకుని వెళ్లేలా కావాలనే కొంచెం పక్కకు తిప్పుతారు. దీన్ని రెయిల్ రైడింగ్ అంటారు. వెనక చక్రాల పైభాగం కారు వైపు రెండు మూడు డిగ్రీలు వాలి ఉంటుంది. అలా వాలినప్పుడు చక్రం తనంతట తానే బయటికి, మేకు తల వైపు జరిగి అక్కడే నిలుస్తుంది. గరుకు చెక్కను వదిలి నున్నటి లోహానికి ఆనుతుంది. పట్టీకి ఆనుకునే ఆ ముందరి చక్రం బిగించే చోట చెక్కను ఒకటిన్నర మిల్లీమీటర్లు లోపలికి అరగదీస్తే అదే వైపు వెనక చక్రం పట్టీకి తగలకుండా తప్పుకుంటుంది. ఇలా చేస్తే కారు ఒకే వైపు మెల్లగా ఆనుకుని నడుస్తుంది, గుద్దుళ్లు ఉండవు. నాలుగు అడుగులకు రెండు అంగుళాలు పక్కకు పోయేలా అమర్చి నేను మొదలుపెడతాను. తర్వాత ట్రాక్ చూసుకుని తగ్గిస్తాను. జాయింట్లు సరిగ్గా లేని పాత చెక్క ట్రాక్ అయితే కొంచెం ఎక్కువే ఉండాలి, లేకపోతే జాయింటు దగ్గర ఎగిరి పక్కకు పోతుంది.

ఇరుసును వంచడం ఎలా?

వంచే చిన్న పరికరం దొరుకుతుంది. మేకును అందులో పెట్టి సుత్తితో ఒకటి రెండు దెబ్బలు. మేకు తల మీద ముందే రంపంతో చిన్న గీత కోసుకుంటే, తర్వాత స్క్రూడ్రైవర్‌తో మేకును తిప్పుతూ చక్రం ఎటు చూడాలో సరిచేసుకోవచ్చు. వంచాక చివరిసారి మళ్లీ పాలిష్ చెయ్యండి. చక్రం తిరిగే చోట వంపు ఉండకూడదు, చెక్కలోకి దిగే చోటే ఉండాలి. వంచిన ఇరుసులకు ఒప్పుకోని ప్యాకులు చాలా ఉన్నాయని మరోసారి గుర్తుచేస్తున్నాను.

బరువు ఎక్కడ పెట్టాలి?

వెనక. వెనక ఇరుసుకు ముందు ఒక అంగుళం దగ్గర కారు తూగేలా చూసుకోండి. ఇంకా వెనక్కి పోతే ముందు చక్రాల మీద బరువు చాలక కారు ఊగుతుంది.

ఇందులో పిల్లలు చెయ్యగలిగింది ఏది?

చాలా ఉంది. డ్రిల్ బటన్ పెద్దవాళ్లు నొక్కితే, తడి కాగితం పట్టుకునే పని ఏడేళ్ల పిల్లలు చక్కగా చేస్తారు. కళ్లద్దాలు పెట్టండి, పొడుగు జుట్టు ముడి వెయ్యండి, వదులు చేతుల చొక్కాలు వద్దు. పైప్ క్లీనర్‌తో రంధ్రం రుద్దడం, గ్రాఫైట్ పట్టించడం, టేబుల్ మీద కారు వదిలి గీత చూడటం అన్నీ వాళ్ల పనులే. మా అమ్మాయి పోయిన ఏడాది నాలుగు మేకుల్లో ఏది బాగా తిరుగుతోందో చెవి దగ్గర పెట్టుకుని శబ్దం విని చెప్పింది. భూతద్దంతో చూస్తే ఆ మేకు మీదే గీతలు లేవు. నాకు వినిపించని తేడా దానికి వినిపించింది.

రేస్ రోజు ఏం తీసుకెళ్లాలి?

కారును పెట్టెలో పెట్టి తీసుకెళ్లండి, చేత్తో పట్టుకుని కాదు. పాలిష్ చేసిన మేకు ఒకటి, చక్రం ఒకటి అదనంగా, చిన్న గ్రాఫైట్ ట్యూబు, క్రెడిట్ కార్డు, చిన్న ప్లయర్స్, కొంచెం జిగురు. మేకు వదులైతే చెక్క కింది వైపు నుంచి ఒక చుక్క జిగురు వెయ్యండి, చక్రం వైపు మాత్రం వద్దు. బరువు తూచే ముందు గ్రాఫైట్ వేసుకోవాలి. ఎందుకంటే చెకింగ్ అయ్యాక కారును మళ్లీ ఇవ్వరు. హాల్ నేల మీద కారు దొర్లించి ఆడకుండా పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఒక్క ఇసుక రేణువు రంధ్రంలోకి వెళ్తే వారం రోజుల పాలిష్ పోతుంది. ఆడుకోవడానికి పోయిన ఏడాది కారు ఇవ్వండి, మేము అలాగే చేస్తాం.